ఆ కూనిరాగాన్ని ఆపకండి: స్కిజోఫ్రెనియాతో బతికేవాళ్లు పట్టుకున్న ఉపాయాలు

పొద్దస్తమానం చెవుల్లో ఇయర్‌ఫోన్లు. పలకరిస్తే ఒక్కోసారి వినిపించుకోడు. అన్నం తింటున్నా ఏదో కూనిరాగం. చుట్టాలొస్తే పెరట్లోకి వెళ్లిపోతాడు. రాత్రి అందరూ పడుకున్నాక డాబా మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ ఉంటాడు. స్కిజోఫ్రెనియా ఉన్న కుర్రాడు ఇలా కనిపిస్తే అమ్మానాన్నలకు ముందుగా వచ్చే ఆలోచన, జబ్బు ముదిరిందని. ఇయర్‌ఫోన్లు లాక్కుంటారు. పాట ఆపమంటారు. చుట్టాల మధ్యకు తెచ్చి కూర్చోబెడతారు. రెండు రోజులు గడిచేసరికి కుర్రాడు అరవడం మొదలుపెడతాడు. అప్పుడు నిజంగానే ముదిరిందని ఖాయం చేసుకుంటారు.

ఈ జబ్బు గురించి మన భాషలో వచ్చే రాతలు ఎక్కువగా లక్షణాలు చెప్పి, మందులు మానొద్దని హెచ్చరించి ఆగిపోతాయి. మధ్యలో పెద్ద విషయమే జారిపోతోంది. బయటికి వింతగా కనిపించే పనుల్లో కొన్ని జబ్బు చేయించేవి కావు. జబ్బును తట్టుకోవడానికి ఆ మనిషి సొంతంగా కనిపెట్టుకున్న ఉపాయాలు. ఎవరూ నేర్పకుండానే, నెలల తరబడి తంటాలు పడి, ఏది పనిచేస్తుందో ఏది పనిచేయదో తనే తేల్చుకుంటాడు. ఇంట్లోవాళ్లు ఆ ఉపాయాన్ని గుర్తుపట్టలేక జబ్బుతో పాటు దానితో కూడా యుద్ధానికి దిగుతారు.

జబ్బు సంగతి ముందు క్లుప్తంగా చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన లెక్కలో సుమారు 300 మందిలో ఒకరికి, అంటే ప్రపంచం మొత్తం మీద దాదాపు 2 కోట్ల 40 లక్షల మందికి స్కిజోఫ్రెనియా ఉంది. ఎక్కువ మందికి టీనేజ్ చివర్లోనో ఇరవైల్లోనో బయటపడుతుంది. ఎవరూ లేకపోయినా మాటలు వినిపించడం, ఎవరో తనను వెంటాడుతున్నారని గట్టిగా నమ్మడం, ఆలోచన తెగిపోవడం ఒక వైపు. ఉత్సాహం, మాట, ముఖంలో కదలిక తగ్గిపోవడం ఇంకో వైపు. స్విట్జర్లాండ్ వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ 1908లో పెట్టిన ఈ పేరుకు 'చీలిన మనసు' అని అర్థం. ఒకే ఒంట్లో ఇద్దరు మనుషులు ఉంటారనే సినిమా అపోహకు ఆ పేరు కూడా కొంత కారణం. ఈ జబ్బుకూ దానికీ సంబంధం లేదు. జపాన్‌లో ఇలాంటి అర్థమే ఉన్న పాత పేరు రోగుల్ని కుంగదీస్తోందని 2002లో పేరే మార్చేశారు. మన దగ్గర పేరు దాకా కూడా పోనవసరం లేదు. హైదరాబాద్‌లో 'ఎర్రగడ్డ' అన్న ఊరి పేరే తిట్టుగా మారింది. వైజాగ్‌లో ఆ పని చేసే మాట 'పెద్ద వాల్తేరు'. అక్కడ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉండటమే ఆ ఊళ్లు చేసిన తప్పు.

ఇక చెవిలో మాటల దగ్గరికి వద్దాం. చాలామందిని ఎక్కువగా అలసిపోయేలా చేసేది ఇదే.

ఆ మాటలు ఊహ కాదు, వినేవాళ్లకు అవి నిజంగా వినిపిస్తాయి. పక్క గదిలో మనిషి మాట్లాడినంత స్పష్టంగా ఉంటాయి. కొందరికి రోజుకు పది నిమిషాలు, కొందరికి నిద్రపోయేదాకా. తిడతాయి, వెక్కిరిస్తాయి, చేసే ప్రతి పనికీ వ్యాఖ్యానం చెబుతాయి. 1949లో లూయిస్ గౌల్డ్ అనే అమెరికా వైద్యుడు, తనకు మాటలు వినిపిస్తున్నాయని చెప్పే ఒక రోగి గొంతు దగ్గర పుట్టే అతి సన్నని శబ్దాన్ని పెద్దది చేసి విన్నాడు. మాటలు వినిపిస్తున్న సమయంలో ఆమె గొంతులో గుసగుస కదులుతోంది. ఆ గుసగుసలో ఉన్న మాటలూ, ఆమె తనకు వినిపిస్తున్నాయని చెప్పిన మాటలూ ఒకదానితో ఒకటి కలిశాయి. అందరి విషయంలోనూ ఇలాగే జరుగుతుందని ఆ ఒక్క పరీక్షతో చెప్పలేం. అయితే మనసులో పుట్టిన మాటను 'ఇది నాది' అని గుర్తుపట్టే ఏర్పాటు మెదడులో ఎక్కడో దెబ్బతింటోందన్న ఆలోచనకు ఇలాంటి పరిశీలనలే బలం ఇచ్చాయి.

కూనిరాగం ఎందుకు పనిచేస్తుందో ఇక్కడ కొంత అర్థమవుతుంది. గొంతూ నాలుకా వేరే పనిలో ఉంటే లోపలి మాటకు చోటు తగ్గుతుంది. సన్నగా పాడుకోవడం, పేపరు బయటికి చదవడం, అంకెలు లెక్కపెట్టడం, జపం చేయడం, నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించడం లాంటివన్నీ ఈ దారిలోవే. ఇయర్‌ఫోన్లలో పాటలు, ఒక చెవికి ఇయర్‌ప్లగ్ పెట్టుకోవడం కూడా కొందరికి ఉపశమనం ఇచ్చినట్టు పరిశోధనల్లో నమోదైంది. పాటలో మాటలు ఉంటే కొందరికి మేలు, ఇంకొందరికి ఆ మాటలే తమను ఉద్దేశించి పాడినట్టు అనిపించి టెన్షన్ పెరుగుతుంది. వాళ్లకు వీణో ఫ్లూటో మేలు. ఎవరికి ఏది సరిపడుతుందో ఎవరికి వాళ్లు చూసుకోవాల్సిందే.

మాటలకు బదులు చెప్పాలనిపించడం ఇంకో ఇబ్బంది. బస్‌స్టాప్‌లో ఒంటరిగా నిలబడి మాట్లాడితే జనం చూస్తారు, పిల్లలు నవ్వుతారు. మొబైల్ ఫోన్ వచ్చాక దీనికి చక్కటి ఉపాయం దొరికింది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, "ఇప్పుడు కుదరదు, సాయంత్రం మాట్లాడతా" అని గట్టిగా చెప్పేయడమే. చూసేవాళ్లకు అది మామూలు ఫోన్ కాల్. ఈ ఒక్క ఉపాయంతో మళ్లీ బస్సెక్కగలిగినవాళ్లు ఉన్నారు.

'సాయంత్రం మాట్లాడతా' అన్నది కూడా ఉత్తి మాట కాదు. చెవిలో వినిపించే ఆ గొంతులకు రోజులో ఒక సమయం కేటాయించి, మిగతా వేళల్లో వాయిదా వేయడం ఒక పద్ధతి. దీనికి నెదర్లాండ్స్‌లో మొదలైన ఒక మలుపు ఉంది. మరియస్ రోమ్ అనే సైకియాట్రిస్ట్ దగ్గరికి వచ్చే పాట్సీ హేగ్ అనే ఆమె, తన గొంతులు తనకు నిజమేననీ, వాటి గురించి మాట్లాడకుండా మందులు మాత్రమే రాస్తే ఎలాగనీ ఆయన్ను నిలదీసింది. 1987లో ఇద్దరూ కలిసి టీవీ కార్యక్రమంలో కూర్చుని, మాటలు వినిపించేవాళ్లు ఫోన్ చేయమని అడిగారు. గొంతులు వినేవాళ్లు నాలుగు వందలకు పైగా స్పందించారు. వాళ్లలో సుమారు 150 మంది వాటితో నెట్టుకురాగలుగుతున్నామని చెప్పారు. వైద్యుడు ఊహించనిది ఇదే. ఆస్పత్రి గుమ్మం తొక్కకుండా, తమ ఉపాయాలతో తాము బతుకుతున్నవాళ్లు అంతమంది ఉన్నారు. తర్వాత పుట్టిన గొంతులు వినేవాళ్ల బృందాలకు మూలం ఆ ఫోన్ కాల్సే. ఆ ఉద్యమంలో కొందరు మందుల అవసరాన్ని తక్కువ చేసి మాట్లాడతారు. ఆ భాగాన్ని ఒప్పుకోవడం కష్టం. కానీ గొంతు ఏమంటోందని అడగడం, దానితో బేరం ఆడవచ్చని చూపడం మాత్రం వాళ్లు చేసిన పెద్ద మేలు.

జపాన్‌లో హొక్కైదో దీవిలో ఉరకావా అనే చిన్న సముద్రతీర పట్టణం ఉంది. అక్కడ 1984లో మొదలైన బెతెల్ హౌస్‌లో ఈ జబ్బు ఉన్నవాళ్లు కలిసి బతుకుతూ కొంబు అనే సముద్రపు నాచును ప్యాక్ చేసి అమ్ముతారు. గొంతుల్ని వాళ్లు మర్యాదగా 'గెన్‌చో సాన్' అంటారు. మన మాటల్లో 'వినిపించేవారు గారు' అన్నట్టు. 2001 నుంచి అక్కడ ఎవరి ఇబ్బంది మీద వాళ్లే పరిశోధన చేస్తారు. ఏ రోజు గొంతు పెద్దదైంది, అప్పుడు ఆకలిగా ఉందా, ఎవరితోనైనా మాటామాటా వచ్చిందా అని అందరి ముందూ బోర్డు మీద రాసి చర్చిస్తారు. తిట్టిన గొంతుకు "ఈ రోజుకు ఇంటికి వెళ్లండి" అని వినయంగా చెప్పి చూస్తారు. గారు అని పిలవడం వింతగా అనిపించవచ్చు. కానీ అరిస్తే గొంతు ఇంకా పెద్దగా అరుస్తుందని అనుభవించినవాళ్లు చెబుతూనే ఉంటారు.

గొంతులు ఏం మాట్లాడతాయన్నది కూడా అన్ని చోట్లా ఒకేలా ఉండదు. మానవ శాస్త్రవేత్త టాన్యా లూర్మన్ బృందం కాలిఫోర్నియాలో 20 మందిని, ఘనా రాజధాని అక్రాలో 20 మందిని, చెన్నైలో 20 మందిని అడిగి 2015లో ఫలితాలు ప్రచురించింది. అమెరికా వాళ్లకు వినిపించినవి ఎక్కువగా హింస, యుద్ధం, ఎవరో తెలియని గొంతులు. చెన్నైలో సగానికి పైగా అమ్మానాన్నలు, అత్తగారు, ఆడపడుచు, అక్కచెల్లెళ్ల గొంతులు విన్నారు. అవి వంట చేయమంటాయి, స్నానం చేయమంటాయి, ఇల్లు సర్దమంటాయి. తిట్టవని కాదు. తిట్టేది తెలిసిన మనిషి అయినప్పుడు, ఆ మనిషితో ఎలా మెలగాలో ముందే తెలిసి ఉంటుంది. ఇంట్లో అత్తగారి సాధింపుకు "సరే అత్తయ్యా, చేస్తాను" అని తల ఊపి తన పని తాను చూసుకునే నేర్పు మనవాళ్లకు కొత్తేం కాదు. చెవిలోని అత్తగారితో కూడా అదే నేర్పు పనికొస్తుంది.

ఒక గీత మాత్రం ఖాయంగా ఉండాలి. నిన్ను నువ్వు గాయపరచుకో, ఫలానా వాళ్లను కొట్టు అని గొంతు ఆజ్ఞాపించడం మొదలుపెడితే సొంత ఉపాయాల మీద ఆధారపడే సమయం దాటిపోయినట్టే. అదే రోజు ఒక మనిషికి చెప్పాలి, డాక్టర్‌ను కలవాలి. ఈ జబ్బు ఉన్నవాళ్లలో దాదాపు 5 శాతం మంది ఆత్మహత్యతో పోతారని పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన లెక్క. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అడిగినందుకు చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. 14416 నంబరుకు ఫోన్ చేస్తే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవలో తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు. 2022 అక్టోబర్ 10 నుంచి అది నడుస్తోంది, పగలూ రాత్రీ ఉంటుంది, డబ్బు కట్టనవసరం లేదు.

అనుమానాల దగ్గర ఉపాయం వేరు. పక్కింటి కుక్కర్ మూడుసార్లు కూత వేసింది, అది తనకు సంకేతం. అద్దెకున్నవాళ్లు గుసగుసలాడారు, అది తన గురించే. ఈ నమ్మకం వాదనతో కరగదు. కాదని రుజువులు చూపించే కొద్దీ, చూపిస్తున్నవాళ్లు కూడా ఆ కుట్రలో ఉన్నారనిపిస్తుంది. అలాగని ఊకొట్టినా నష్టమే. పని చేసే దారి రెంటికీ మధ్యలో ఉంది. "నీకు భయం వేస్తోందని తెలుస్తోంది. నాకు మాత్రం అలా అనిపించలేదు. కాసేపు నీ దగ్గర కూర్చోనా?" భయాన్ని ఒప్పుకుని, కారణాన్ని ఒప్పుకోకుండా ఉండటం అంటే ఇదే.

జబ్బు ఉన్న మనిషి తనకు తాను వేసుకునే ప్రశ్నలు కూడా ఉంటాయి. దీనికి ఆధారం ఏంటి? ఇంకో కారణం ఉండొచ్చా? పోయిన నెల ఇలాగే అనుకున్నాను, చివరికి ఏమైంది? నమ్మకమైన ఒక్క మనిషిని, చెల్లెల్నో స్నేహితుణ్నో, కొలబద్దగా పెట్టుకుని "ఇది నాకేనా, నీకూ వినిపించిందా?" అని అడిగే అలవాటు చాలామందిని కాపాడింది. అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యురాలు ఎలిన్ సాక్స్‌కు స్కిజోఫ్రెనియా ఉంది. ఆమె, తోటి పరిశోధకులు కలిసి లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో ఇదే జబ్బుతో ఉంటూ చదువుల్లో, ఉద్యోగాల్లో పైకొచ్చిన 20 మందిని అడిగి చూశారు. మందులు, ఆలోచనను పరీక్షించుకోవడం, తోడుగా నిలిచేవాళ్లు, చుట్టూ ఉన్న వాతావరణాన్ని తమకు అనుకూలంగా మార్చుకోవడం, దేవుడి మీద నమ్మకం, పని. కొన్ని చోట్లకు, కొందరి దగ్గరికి వెళ్లకుండా తప్పించుకోవడం కూడా వాళ్లు చెప్పినవాటిలో ఉంది. చుట్టాలు రాగానే పెరట్లోకి వెళ్లిన కుర్రాడు చేసిందీ అదే. పెళ్లిలో మూడు వందల మంది మధ్య ముప్పావుగంట కూర్చుని బయటికి వచ్చేయడం మర్యాద తక్కువ కాదు. ముప్పావుగంట కూర్చోగలగడమే అక్కడ గెలుపు.

ఇప్పుడు మందులు. ఉపాయాలన్నీ మందుల మీద నిలబడతాయి. మందుల బదులు అవి నిలబడవు. న్యూయార్క్‌లో మొదటిసారి జబ్బు పడి కోలుకున్న 104 మందిని వెంట ఉండి చూసిన అధ్యయనం 1999లో వచ్చింది. ఐదేళ్లలో 80 శాతానికి పైగా మందికి మళ్లీ తిరగబెట్టింది. మందులు ఆపేసినవాళ్లకు ఆ ప్రమాదం దాదాపు ఐదు రెట్లు. తగ్గిపోయిందనిపించగానే మానేయడం మన దగ్గర సర్వసాధారణం. జ్వరం మాత్రలతో వచ్చిన అలవాటు అది. బీపీ మాత్రలాగా చూడాలని ఎవరో ఒకరు మొదటి రోజే చెప్పాలి.

మానేసేవాళ్లందరూ మొండితనంతో మానేయరు. మందు వేసుకుంటే పొద్దున లేవలేరు. చేతులు వణుకుతాయి. నిలకడగా కూర్చోలేనంత అలజడి పుడుతుంది. ఆరు నెలల్లో పది కిలోలు పెరిగి పాత ప్యాంట్లు పట్టవు. సెక్స్ ఇబ్బందులు వస్తే డాక్టర్‌తో చెప్పలేక మందే ఆపేస్తారు. ఇవన్నీ డాక్టర్ ముందు పెట్టాల్సిన విషయాలు. డోసు మార్చవచ్చు, మందు మార్చవచ్చు, వేసుకునే సమయం మార్చవచ్చు, నెలకో మూడు నెలలకో ఒక ఇంజెక్షన్ పెట్టించుకోవచ్చు. రోజూ "మాత్ర వేసుకున్నావా?" అన్న ప్రశ్నతో మొదలయ్యే గొడవ ఇంజెక్షన్‌తో చాలా ఇళ్లలో పోయింది. మిగతా మందులు పనిచేయనప్పుడు ఇచ్చే క్లోజపిన్‌కు మొదటి నెలల్లో వారం వారం రక్త పరీక్ష తప్పదు. రాత్రిపూట చొంగ కారుతుంది, దిండు మీద తువ్వాలు పరుచుకోవాలి. ఇలాంటి చిన్న సంగతి ముందే చెబితే భయం సగం పోతుంది. చక్కెర, కొలెస్ట్రాల్, నడుము కొలత ఏడాదికి ఒకసారైనా చూడాలి. ఈ జబ్బు ఉన్నవాళ్లు త్వరగా పోవడానికి గుండె జబ్బులు ఒక ముఖ్య కారణం. మనసు డాక్టర్ దగ్గరికి వెళ్తున్నారు కదా అని ఒంటిని ఎవరూ పట్టించుకోరు.

సిగరెట్ సంగతి చాలామందికి తెలియదు. సిగరెట్ పొగ క్లోజపిన్, ఒలాంజపిన్ మందుల్ని లివర్ త్వరగా కరిగించేసేలా చేస్తుంది. పొగ తాగే మనిషి హఠాత్తుగా మానేస్తే అదే డోసు రక్తంలో పెరిగి మత్తు, ఇతర ఇబ్బందులు ముంచుకొస్తాయి. మానడం మంచిదే, డాక్టర్‌కు చెప్పి మానాలి. గంజాయి విషయంలో మాత్రం రాజీ లేదు. జబ్బును అది రేపుతుంది, తిరగబెట్టిస్తుంది.

మాత్రలు నలిపి సాంబారులోనో కాఫీలోనో కలిపి పెట్టడం మన ఇళ్లలో ఉన్న అలవాటు. చేసేవాళ్లకు వేరే దారి కనబడదు, వాళ్లను తప్పుపట్టడం తేలిక. కానీ ఒక్కటి ఆలోచించాలి. అన్నంలో విషం కలుపుతున్నారని అనుమానపడే మనిషికి, నిజంగానే అన్నంలో ఏదో కలిపారని ఒక రోజు తెలుస్తుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏ మాట నమ్మాలి? ఇంజెక్షన్ గురించి, డాక్టర్ ఇంటికి రావడం గురించి, ఆస్పత్రిలో చేర్చడం గురించి ముందే అడిగి ఉంటే ఆ కాఫీ అవసరం చాలాసార్లు రాదు.

గొంతుల కంటే, అనుమానాల కంటే ఎక్కువ అపార్థం అయ్యేది మూడో భాగం. పదింటికి లేస్తాడు, స్నానం చేయడు, టీవీ ముందు కూర్చుంటాడు గానీ చూడడు. దీన్ని ఇంట్లో 'బద్ధకం' అంటారు. 'తిని కూర్చుంటున్నాడు' అంటారు. జబ్బులో మందులకు సరిగా లొంగని భాగం ఇదే. ఇక్కడ పనికొచ్చేది పెద్ద లక్ష్యం కాదు, మరీ చిన్న పని. మొక్కలకు నీళ్లు పోయడం. వీధి చివర నుంచి పాల ప్యాకెట్ తేవడం. రోజూ అదే వేళకు, అదే పని. ఉత్సాహం వచ్చాక పని చేద్దామంటే ఆ ఉత్సాహం రానే రాదు, చేస్తూ ఉంటే కొద్దికొద్దిగా వస్తుంది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో 61 మందితో చేసి 2007లో ప్రచురించిన పరిశీలనలో, మందులతో పాటు యోగా చేసినవాళ్లు మామూలు వ్యాయామం చేసినవాళ్ల కంటే మెరుగ్గా కనిపించారు. ఆసనాలు, నెమ్మదిగా శ్వాస పీల్చడం మంచివే. రోజుల తరబడి మౌనంగా కళ్లు మూసుకుని కూర్చునే ధ్యాన శిబిరాలు కొందరికి గొంతుల్ని పెంచవచ్చు, ముందు డాక్టర్‌ను అడగాలి. ఉద్యోగం విషయంలో కూడా పూర్తిగా తగ్గాక చూద్దాంలే అని ఆపేయడం కంటే, చిన్న పనిలో చేరి అక్కడే సాయం అందుకోవడం మేలని పలు దేశాల అనుభవం. 1984లో డాక్టర్ శారదా మీనన్ చెన్నైలో స్థాపించిన స్కార్ఫ్ సంస్థ చికిత్సతో పాటు పని నేర్పడాన్ని కూడా మొదటి నుంచీ పట్టుకున్నది అందుకే.

ఇంటి వాతావరణం ఎంత పని చేస్తుందో 1950ల్లో లండన్‌లో బయటపడింది. జార్జ్ బ్రౌన్ అనే సామాజిక శాస్త్రవేత్త, ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్లినవాళ్లను గమనించాడు. తల్లిదండ్రుల దగ్గరికో భార్య దగ్గరికో వెళ్లినవాళ్లు, అద్దె గదికో అన్నదమ్ముల దగ్గరికో వెళ్లినవాళ్ల కంటే ఎక్కువగా మళ్లీ ఆస్పత్రికి వస్తున్నారు. అమ్మ చేతి అన్నం తినేవాళ్లకే ఎక్కువ తిరగబెడుతోందా? లోతుగా చూస్తే తేలింది ఇది: అస్తమానం తప్పుపట్టడం, కసురుకోవడం, లేదంటే ఊపిరాడనంత అతి శ్రద్ధ. ఇలాంటి ఇళ్లలో తొమ్మిది నెలల్లో సగం మందికి తిరగబెట్టింది, ప్రశాంతంగా ఉండే ఇళ్లలో 13 శాతం మందికే. వారానికి 35 గంటలకు పైగా ఎదురెదురుగా ఉండాల్సి వస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇదే పరిశీలన 1980ల్లో చండీగఢ్‌లో చేస్తే, మన కుటుంబాల్లో ఆ కసురుకోవడం లండన్ కంటే చాలా తక్కువగా కనబడింది. అప్పటి ఉమ్మడి ఇంట్లో ఒకరు విసుక్కుంటే ఇంకొకరు సర్దిచెప్పేవారు. ఇప్పుడు రెండు గదుల ఫ్లాట్‌లో తల్లి, కొడుకు ఇరవై నాలుగు గంటలూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు.

దీన్ని చదివి తల్లి తన వల్లే జబ్బు వచ్చిందనుకోకూడదు. జబ్బు పుట్టడానికి పెంపకం కారణం కాదు. తిరగబెట్టడం మీద మాత్రం ఇంటి వేడి పనిచేస్తుంది. ఆ వేడి తగ్గాలంటే తల్లికి కూడా రోజుకు రెండు గంటలు బయటికి వెళ్లే వీలుండాలి. గుడికి వెళ్లనివ్వండి, చెల్లెలింటికి వెళ్లనివ్వండి. ఆమె విశ్రాంతి కూడా వైద్యంలో భాగమే.

పెళ్లి చేస్తే కుదురుకుంటాడన్న సలహా ఇప్పటికీ ఆగలేదు. జబ్బు దాచి చేసే పెళ్లిలో మొదటి రాత్రి నుంచే మాత్రలు దాచాలి, మాత్రలు దాస్తే మానేయాల్సి వస్తుంది, మానేస్తే నెలల్లో తిరగబెడుతుంది. చెప్పి చేసిన పెళ్లిళ్లు నిలబడినవి ఉన్నాయి. భార్యకు స్కిజోఫ్రెనియా ఉందంటూ విడాకులు అడిగిన ఒక తెలుగు భర్త కేసులో 2013లో సుప్రీంకోర్టు, ఇది వైద్యంతో అదుపులో ఉండే జబ్బనీ, జీవితంలో వచ్చే ఒడుదొడుకుల్లో ఒకటనీ చూసి విడాకులు నిరాకరించింది.

గాలి సోకిందని, చేతబడి అని దర్గాకో గుడికో భూతవైద్యుడి దగ్గరికో వెళ్లడం గురించి ఒక్క మాట. మొక్కుకోవడం వల్ల ధైర్యం వస్తుంది, మందులతో పాటు మొక్కు ఉంటే ఏ డాక్టరూ కాదనడు. కొట్టడం, ఉపవాసం ఉంచడం, కట్టేయడం మాత్రం నేరం. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న పాకకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్లు పారిపోలేక 28 మంది చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు వేయడాన్ని పూర్తిగా నిషేధించింది.

తిరగబెట్టడం ఒక్క రోజులో జరగదు. ముందు ఆనవాళ్లు ఉంటాయి, అవి ఒక్కో మనిషికి ఒక్కో రకం. ఎక్కువ మందికి మొదట నిద్ర చెడుతుంది. తర్వాత చిరాకు, తిండి మీద ధ్యాస తగ్గడం, గదిలో తలుపేసుకోవడం. ఒకరికి గోడ మీద రంగులు మరీ ప్రకాశంగా కనిపిస్తాయి, ఇంకొకరు అదే చొక్కా నాలుగు రోజులు వేసుకుంటారు. పోయినసారి జబ్బు పడే ముందు రెండు, మూడు వారాల్లో ఏం మారిందో కుదుటపడ్డాక కూర్చుని రాసుకుంటే, వచ్చేసారి దొంగ గేటు దగ్గర ఉండగానే పట్టుకోవచ్చు. శివరాత్రి జాగరణ, పెళ్లిళ్ల సీజన్, పరీక్షలు, అమెరికా టైమింగ్స్‌లో నైట్ షిఫ్టులు నిద్రను కోసేస్తాయి. ఈ జబ్బు ఉన్నవాళ్లు జాగరణ మానేసినా దేవుడేమీ అనుకోడు. ఎంఎస్ కోసం అమెరికా వెళ్లే వయసు, జబ్బు బయటపడే వయసు ఒకటే కావడం గుర్తుంచుకోవాలి. ముందే జబ్బు తెలిసి వెళ్లేవాళ్లు కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు రాసిన ప్రిస్క్రిప్షన్ కాపీ, కొన్ని నెలల మందులు దగ్గర పెట్టుకోవాలి. రూమ్మేట్లలో ఒక్కరికైనా చెప్పి ఉంచాలి. యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌లో మొదటి నెలలోనే పేరు రాయించుకోవాలి.

చట్టం కూడా ఒక ఉపాయమే. 2018 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, కుదుటగా ఉన్నప్పుడే 'నాకు జబ్బు తిరగబెడితే ఈ వైద్యం చేయండి, ఇది వద్దు' అని ముందుగా రాసి ఇవ్వవచ్చు. తన తరఫున మాట్లాడే ప్రతినిధిగా నచ్చిన మనిషిని పెట్టుకోవచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక అనారోగ్యం కూడా ఉంది. వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి ఉన్నట్టు తేలితే ప్రభుత్వ వైకల్య సర్టిఫికెట్, దానితో పింఛను, ఇతర రాయితీలు అడగవచ్చు. ఆ కాగితం ఉంటే లోకానికి తెలిసిపోతుందని చాలా కుటుంబాలు అప్లై చేయవు. మందుల ఖర్చు, రాకపోకల ఖర్చు ఏళ్ల తరబడి మోసే ఇంటికి ఆ పింఛను చిన్నదేం కాదు.

జాగ్రత్తపడిన ఇళ్లలో ఒక తెల్ల కాగితం ఉంటుంది. మందుల పేర్లు, డోసులు, పడని మందు, డాక్టర్ నంబరు, 14416, ముందుగా వచ్చే మూడు ఆనవాళ్లు, అవి కనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఎవరు ఆస్పత్రికి తోడు రావాలి, ఎవరిని మాత్రం పిలవొద్దు. రాసేది జబ్బు ఉన్న మనిషే, తన చేతిరాతతో. చివర్లో ఇంకో రెండు లైన్లు కూడా రాయించాలి. ఇయర్‌ఫోన్లు తీయొద్దు. పాడుకుంటుంటే పాడుకోనివ్వండి. ఆ కాగితం ఒక కాపీ బీరువాలో, ఒకటి ఫ్రిజ్ తలుపు లోపలి వైపు, ఒకటి ఫోన్‌లో ఫొటోగా ఉంటే చాలు.